విలాపవాక్యములు: ఆశ ఉన్న చోటు

మా హాలు గోడకి ఒక వాక్యం ఫ్రేము కట్టి ఉండేది. దేవుడి కనికరం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందనే వాక్యం. క్రైస్తవుల ఇళ్ళలో క్యాలెండర్ల మీదో, కొత్త సంవత్సరం వాగ్దానం కార్డుల మీదో మీరూ చూసే ఉంటారు. 2021 మేలో అమ్మ ఆక్సిజన్ మీద ఉన్న తొమ్మిది రోజులూ నా ఫోన్‌కి ఎక్కువగా వచ్చింది అదే. "దేవుడు పరీక్షిస్తున్నాడు నాన్నా, ఓర్చుకో" అంది పెద్దమ్మ. అమ్మ పోయాక ఆ ఫ్రేము తీసి బీరువా మీద పెట్టేశాను. నా కోపం పెద్దమ్మ మీద కాదు, ఆ వాక్యం మీద.

రెండేళ్ళ తర్వాత, అసలు అది ఎక్కడిదో చూద్దామని విలాపవాక్యములు తీశాను. ఐదు అధ్యాయాలు, 154 వచనాలు. ఒక్క కూర్చోలులో అయిపోయింది. చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, మేం గోడకి తగిలించింది ఒక పెద్ద ఏడుపు మధ్యలోంచి కత్తిరించిన ముక్క.

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. దేవాలయం కాలిపోయింది. ఈ పద్యాలు ఆ శిథిలాల గురించి. యిర్మీయా రాశాడని సంప్రదాయం చెబుతుంది కానీ, పాఠంలో ఎవరి పేరూ లేదు. మొదటి అధ్యాయంలో నగరమే ఒక విధవరాలై ఏడుస్తుంది. ఓదార్చేవాళ్ళు లేరన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇక దేవుడు పుస్తకం మొత్తంలో నేరుగా ఒక్కసారీ మాట్లాడడు. ఎప్పుడో ఆయన ధైర్యం చెప్పిన జ్ఞాపకం మాత్రం కవి నోటి నుంచి వస్తుంది, అంతే.

లెక్కలు చూడటం నా ఉద్యోగం నేర్పిన అలవాటు. హీబ్రూలో 22 అక్షరాలు. 1, 2, 4 అధ్యాయాల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో వచనం, అక్షరక్రమంలో. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున 66. ఐదో అధ్యాయంలోనూ 22 వచనాలే, కానీ అక్షరక్రమం ఉండదు. తెలుగు బైబిల్లో 119వ కీర్తనకి ఆలెఫ్, బేత్ అని అక్షరాల పేర్లు కనబడతాయి. ఇక్కడ మాత్రం తెలుగు పాఠకుడికి ఈ కట్టుబడి కనబడదు. దుఃఖానికి అంతు లేదు కాబట్టి దానికి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక హద్దు గీశాడనిపిస్తుంది నాకు. చివరికొచ్చేసరికి లెక్క మిగిలింది, క్రమం పోయింది.

మా గోడ మీద వాక్యం సరిగ్గా ఈ కట్టడం నడుమ, మూడో అధ్యాయంలో ఉంది. మామూలుగా సాక్ష్యాల్లో కష్టం ముందు, ఆశ చివర. ఇక్కడ అలా కాదు. ఆశ పలికిన కవి అదే అధ్యాయంలో మళ్ళీ ఏడుస్తాడు. నాలుగులో పిల్లల ఆకలి. ఐదు చివరి వచనంలో, నువ్వు మమ్మల్ని పూర్తిగా వదిలేశావా అన్న భయం. యూదులు బయటికి చదివేటప్పుడు ఆ చీకట్లో ఆపలేక దాని ముందు వచనాన్ని మళ్ళీ చదువుతారు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. నగరం తన పాపానికే శిక్ష అనుభవిస్తోందని కవి ఒప్పుకుంటాడు. ఊపిరాడని మనిషి మంచం పక్కన ఈ మాట అనడం క్రూరత్వం. కానీ అదే కవి, మనుషుల్ని బాధపెట్టడం దేవుడికి మనసుకి నచ్చిన పని కాదనీ అంటాడు. ఈ రెండిటికీ పొత్తు కుదర్చడు. నేనూ కుదర్చలేను.

గుడ్ ఫ్రైడే నాడు మన చర్చిల్లో ఏడు మాటల మీద ప్రసంగాలు చేస్తారు. నాలుగోది, నన్నెందుకు విడిచిపెట్టావన్న ప్రశ్న. దాన్ని త్వరగా దాటేసి ఆదివారానికి వెళ్ళిపోయే ప్రసంగాలే నేను ఎక్కువ విన్నాను. క్రీస్తే అడిగిన ప్రశ్నని విశ్వాసి అడిగితే అవిశ్వాసం ఎలా అవుతుంది? అడగడమంటే అవతల వినేవాడు ఉన్నాడనుకోవడమే కదా. ఈ పుస్తకంలో నాకు దొరికిన ఆశ అంతవరకే. అది అమ్మని తీసుకురాదు. ఏడవడానికి మాత్రం సిగ్గుపడనివ్వదు.

ఫ్రేము ఇంకా బీరువా మీదే ఉంది. నాన్న రెండుసార్లు అడిగారు. ఈసారి అడిగితే, గోడకి పెట్టేముందు ఆయనకి మూడో అధ్యాయం మొత్తం చదివి వినిపించాలని ఉంది.