బల్ల దగ్గర గొంతు లేస్తే

పేకాటలో తగువు చాలాసార్లు డబ్బు దగ్గర కాదు, ముక్క దగ్గర మొదలవుతుంది. ఆ ముక్క ఎందుకు వదిలావు, కలిపింది ఎవరు, చూపించాక మళ్ళీ సర్దుతావేం? ఇక్కడి నుంచి వంశాల దాకా పోవడానికి నిమిషం పట్టదు. కనుమ పూటో శివరాత్రి జాగారంలోనో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల అరుగుల మీద కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

అలాంటి చోట ఆట చెడకుండా కాచే పెద్దమనిషి ఒకడుంటాడు. అతను ముందు ముక్కలు బోర్లా పెట్టిస్తాడు. చేతిలో ముక్కలున్నంతసేపు ఎవడికీ ఎదుటివాడి మాట తలకెక్కదు. తర్వాత మధ్యనున్న డబ్బు మీద ఎవరి చెయ్యీ పడకుండా చూస్తాడు. ఆ తర్వాతే మాట. అది కూడా తప్పెవరిదో తేల్చే మాట కాదు. "ఏటి బావా, ఓ ఆట ఊరుకో. టీ తాగొద్దాం రా" అంటాడు, అంతే. బావ లేచి వెళ్తే ఓడిపోయి లేచినట్టు కాదు, పిలిస్తే వెళ్ళినట్టు. పరువు దక్కింది కాబట్టి కోపం దిగుతుంది.

ఈ నేర్పును విజయనగరం మనిషి ఒకాయన ఎప్పుడో రంగస్థలం ఎక్కించాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన 'కన్యాశుల్కం'లో పేకాట ఘట్టం ఉంది. మధురవాణి, పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త కూర్చుని ఆడతారు. అక్కడ ఆటకంటే మాటలే ఎక్కువ. ఆ బల్ల సాగేది మధురవాణి నోటి చలవ వల్ల. మగవాళ్ళ బింకాన్ని నొప్పించకుండా వంచడం ఆమెకు వచ్చినంతగా ఆ నాటకంలో ఇంకెవరికీ రాదు. మన సాహిత్యంలో ఆమెను మించిన ఆట నిర్వాహకురాలు లేదంటే నాటక విమర్శకులు నొచ్చుకుంటారేమో గానీ, నా లెక్క అది.

పట్నం క్లబ్బుల్లో మాట చలవ చాలదు. అక్కడ రూలు కావాలి. పదమూడు ముక్కల రమ్మీ రూళ్ళను గమనిస్తే సగం తగువు తీర్చడానికి పుట్టినవే. తప్పు షో పెడితే 80 పాయింట్లు పడతాయి, బతిమాలినా తగ్గవు. డ్రాప్ అన్నాక మళ్ళీ ఆటలోకి రావడం ఉండదు. రూలు ముందే ఉంది కనుక మేనేజరు తీర్పరి అవతారం ఎత్తక్కర్లేదు, ఎవరికీ శత్రువు కానక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుతో ఆడే ఆట అన్నది. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అన్నది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదు. ఆట నడిపేవాడు ఆటమీద లాభం తీసుకుంటే మాత్రం అది వేరే సంగతి అని కూడా అదే తీర్పు హెచ్చరించింది. పలాస వైపు జీడితోటల్లో చాటుగా ఆడించేవాళ్ళు పోలీసులొస్తే పరిగెత్తేది అందుకే.

ఇక కాసినో. మన రాష్ట్రంలో లేవు. మనవాళ్ళు పోయేది ఎక్కువగా గోవాకు. పణజి దగ్గర మాండవి నదిలో నిలిపిన ఓడల్లో ఆడతారు. అరుగు మీది పెద్దమనిషి చేసే పనే అక్కడ ఉద్యోగమైంది. జాగ్రత్త తగువుకు చాలా ముందే మొదలవుతుంది. డీలరు మీ చేతిలోంచి నోటు తీసుకోడు. మీరు బల్లమీద పెట్టాలి. అతను పైనున్న కెమెరాకు కనబడేలా పరిచి, మొత్తం పైకి చెప్పి, అప్పుడు చిప్స్ ఇస్తాడు. బల్ల వదిలి వెళ్ళేటప్పుడు రెండు అరచేతులూ తిప్పి చూపిస్తాడు. పందేలు ముగిశాయని చెప్పడానికి బల్లమీద చెయ్యి అడ్డంగా ఆడిస్తాడు. ఇవి చూడ్డానికి తంతులా ఉంటాయి. నిజానికి ప్రతి కదలికకూ ముందే సాక్ష్యం తయారుచేసుకోవడం.

అయినా గొంతు లేస్తుంది. బ్లాక్‌జాక్‌లో చివరి కుర్చీవాడు ముక్క తీసుకోవడం వల్లే తాను ఓడానని పక్కవాడు విరుచుకుపడతాడు. దీర్ఘకాలం లెక్కేస్తే ఆ ముక్క ముంచినన్నిసార్లు కాపాడుతుంది కూడా. కానీ ఆ గణితం అప్పుడు చెప్పకూడదు. డీలరు వాదించడు, తిట్టుకు తిట్టు ఇవ్వడు. చేతులు ఆపి, ముక్కల్నీ చిప్స్‌నూ ఉన్నచోటే ఉంచి సూపర్‌వైజర్ని పిలుస్తాడు. ఆయన ఆటగాడికి ఎదురుగా కాక పక్కన నిలబడి తక్కువ గొంతుతో మాట్లాడతాడు. పందెం మీద వివాదమైతే రికార్డింగ్ చూస్తారు. లేకపోతే నాలుగడుగులు పక్కకు పిలుస్తారు, ఎందుకంటే చూసేవాళ్ళు లేనిచోట రోషం సగానికి సగం తగ్గుతుంది. తాగినవాడికి మందు ఆపి నీళ్ళో భోజనమో తెప్పిస్తారు. డీలర్ని మార్చడం ఇంకో ఉపాయం. డీలర్లు ఎలాగూ వంతులవారీగా మారుతుంటారు కనుక ఆ మార్పు ఎవరి గెలుపుగానూ కనబడదు.

దీనికీ లొంగనివాడికి ఒక్కసారి స్పష్టంగా చెబుతారు, ఇంకోసారి తిడితే ఆట ఉండదని. తిడితే ఇక అతనికి ముక్క వెయ్యరు, మిగతావాళ్ళకు ఆట సాగుతుంది. భద్రతా సిబ్బంది వచ్చేది ఆ తర్వాతే. అప్పుడు కూడా అతని చిప్స్ అతనివే, మార్చుకుని వెళ్ళమంటారు. చెయ్యి పడితే మాత్రం మర్యాదకు చోటుండదు.

ఈ పద్ధతిని మెచ్చుకోవాల్సిందే. అరవని మనిషి అరిచే మనిషిని గెలవడం ఆసుపత్రికీ బస్టాండుకీ కూడా పనికొచ్చే విద్య. కానీ ఇది ఎవరి కోసం అన్న ప్రశ్న వదిలేస్తే వ్యాసం అబద్ధమవుతుంది. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1952లో రాసిన వ్యాసమొకటి మోసపోయినవాడు గోల చెయ్యకుండా మోసగాళ్ళ ముఠా అతన్ని ఎలా చల్లారుస్తుందో వివరిస్తుంది. ఆయన తర్వాత నెవాడా కాసినోల్లోకి వెళ్ళి జూదాన్ని దగ్గర్నుంచి చూశారు. కాసినో మోసం కాదు, దాని లాభం లెక్కప్రకారమే వస్తుంది. కానీ చల్లార్చే తీరు ఒకటే. అరుగు మీది పెద్దమనిషి బావను టీకి పిలిచేది బావ ఇంటికి క్షేమంగా చేరాలని. సూపర్‌వైజరు పిలిచేది ఓడినవాడు రేపు మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రావాలని.

సింగపూర్‌లో మన తెలుగువాళ్ళకు తెలిసిన ఏర్పాటు ఒకటుంది. అక్కడ 2010లో కాసినోలు తెరిచారు. జూదం పట్టి నాశనమవుతున్నవాణ్ణి లోపలికి రానివ్వొద్దని అతని కుటుంబమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదేశం వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. బల్ల దగ్గర గొంతు లేచేదాకా ఆగక్కర్లేదు. గోవాలోనూ సిక్కింలోనూ కాసినోలకు అనుమతి ఇచ్చిన మన దేశంలో ఆ హక్కును భార్యకూ తల్లిదండ్రులకూ చట్టంలోనే రాసివ్వాలి.