సెకండ్ హ్యాండ్ పాట

మూడు వారాల కిందట ఆబిడ్స్‌లో ఒక భగవద్గీత కొన్నాను. ఘంటసాల పాడిన ఎల్పీ రికార్డు. 1974లో ఆయన పోయాక హెచ్ఎంవీ వాళ్లు తెచ్చింది. ఒకప్పుడు తెల్లవారుజామున ఊళ్లను నిద్రలేపిన ఆ గొంతు ఇప్పుడు వీధి చివర వినబడితే "ఎవరు పోయారో" అని గుమ్మంలోకొచ్చి చూస్తున్నాం. అది వేరే బాధ, ఇంకోసారి చెప్పుకుందాం. నేను కొన్న రికార్డు కవరు వెనక, ఎడమ మూలన, నీలం సిరాతో ఒక వరుస ఉంది: "చి|| అల్లుడికి, సంక్రాంతి 1976." కింద మామగారి సంతకం. ఎంత చూసినా అక్షరాలు విడివడలేదు.

సంక్రాంతికి పిలిచిన అల్లుడి చేతిలో భగవద్గీత పెట్టిన ఆ మామగారి ఉద్దేశం ఏమై ఉంటుందా అని ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. స్కూటర్ అడిగాడేమో. ఫలితం ఆశించకూడదని ఘంటసాల చేత చెప్పించాడేమో.

అమ్మేవాడు నాలుగు వందలన్నాడు. నేను నూటయాభై అన్నాను. "సాబ్, ఖాలీ కవర్ కే హీ దో సౌ" అని వాడు కవరులోంచి ప్లేటు బయటికి తీసి, వట్టి కవరు నా చేతిలో పెట్టాడు. ఆ మాటకే రెండొందల యాభై ఇచ్చాను. పేరు రాసి ఉంది కాబట్టి తగ్గించమని మొదట బేరమాడింది నేనే. ఆ పేరు కోసమే కొన్నానని వాడికి తెలియదు.

ఆదివారం ఆబిడ్స్ సంగతి హైదరాబాద్ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఊరి నుంచి వచ్చేవాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రోజు పెద్ద షాపులకు సెలవు. వాటి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు దుప్పట్లు పరుస్తారు. పుస్తకాల మధ్య అక్కడక్కడ ఒక అట్టపెట్టె, అందులో నిలబెట్టిన రికార్డులు, కింద క్యాసెట్లు, పక్కన సీడీలు. అసలు ఈ చోటుకు ఆ పేరు రావడమే పాత సరుకుతో ముడిపడిన కథ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ కొట్టు పెట్టాడు. ఒకసారి తొడిగింది మళ్లీ తొడగని ఆ నిజాం వదిలేసిన సరుకంతా ఆబిద్ పట్టుకెళ్లి అమ్ముకునేవాడని, కొన్నిసార్లు మళ్లీ నిజాముకే అమ్మేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఈ ఫుట్‌పాత్‌కు అంతకన్నా తగిన స్థలపురాణం ఉండదు.

రికార్డు కొనడం ఒక విద్య. నేను ముప్ఫై ఏళ్లుగా నేర్చుకుంటున్నాను, ఇంకా మోసపోతున్నాను. ముందు కవరుకూ ప్లేటుకూ పొంతన ఉందో లేదో చూడాలి. శంకరాభరణం కవరులో ఇంగ్లిష్ నేర్పే పాఠాలు దొరికాయి నాకోసారి. తరవాత ప్లేటును అంచులతోనే పట్టుకుని ఎండకేసి వాల్చాలి. మెరిస్తే సరి. బూడిద రంగులో మసకబారి ఉంటే ఎవరో అరిగిన ముల్లుతో గాడులు దున్నేశారని అర్థం. గీత కనబడితే గోటితో తాకి చూస్తాను. గోటికి తగిలిన గీత స్పీకరుకూ తగులుతుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు ఎవరో దాన్ని తడుముకుంటూ పెట్టారన్నమాట. చీకట్లోనో, కళ్లజోడు లేకుండానో. ఆఖరికి కంటి ఎత్తుకు తెచ్చి వంపు చూడాలి. ఎండలో ఒక పూట మరిచిపోతే ఎల్పీ అప్పడంలా తిరుగుతుంది.

పాత 78 ఆర్పీఎం ప్లేట్ల సంగతి వేరు. అవి వంగవు, పగులుతాయి. లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినవి కదా. చార్మినార్ పక్క లాడ్ బజార్లో గాజులు చేసేదీ ఆ లక్కతోనే. గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో పాడింది మొదలు యాభై ఏళ్లకు పైగా ఈ దేశపు పాటంతా లక్కలోనే దాక్కుంది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. పుష్పవిలాపమైనా హరిశ్చంద్ర పద్యమైనా ఆ మూడు నిమిషాల్లో ఒదగాల్సిందే. రాగం ఎంత సాగదీయాలో ప్లేటు కొలతే చెప్పేది. వీటికి వెడల్పాటి వేరే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లుతో వింటే గరగర తప్ప ఇంకేమీ మిగలదు.

ఈ మోజు మొదలైంది రికార్డులతో మాత్రం కాదు. నేను చదువుకునే రోజుల్లో నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఆ సందులో ఒక రికార్డింగ్ కొట్టు ఉండేది. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే రెండు రోజులకు నింపి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్లో పద్నాలుగు పాటలు. ఒక వైపు చివర పాట తెగిపోకుండా చూడటమే ఆయన పనితనం. పాటల నిడివి రాసుకున్న ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది ఆయన దగ్గర. "ఇది నాలుగూ ఇరవై, పట్టదు. దాని బదులు ఇది పెట్టనా? మూడూ పది" అనేవాడు. ఆయన బలవంతం మీద, చోటు పూడ్చడానికి విన్న పాటలే తర్వాత నాకు ప్రాణమయ్యాయి. జనవరి వస్తే పక్కనే నుమాయిష్ మైకుల్లో విన్న పాట పేరు తెలియక, ఆయన ముందు నిలబడి కూనిరాగం తీసేవాణ్ణి. ఆయన సగంలోనే ఆపి సినిమా పేరు చెప్పేవాడు.

చట్టం ప్రకారం అదంతా దొంగతనమే. అప్పుడు మాకెవరికీ ఆ ఊహ లేదు.

క్యాసెట్లు పోయాయి, ఎంపీ3 సీడీలు వచ్చాయి. ఆల్బమ్ సీడీలో పాటలు పదో పన్నెండో పడితే, ఎంపీ3 చేసి నొక్కితే ఏడు వందల ఎంబీలో నూటయాభై పట్టేవి. కోఠీ నుంచి ఆబిడ్స్ దాకా ఫుట్‌పాత్ నిండా అవే. అవీ పోయి మెమొరీ కార్డులొచ్చాయి. జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ కొన్నవాడు పక్క కౌంటర్లో పాటలు "ఎక్కించుకుని" పోయేవాడు. మన ఊళ్లో డౌన్‌లోడ్ అనేది చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ముందు జరిగిన పని కాదు. కౌంటర్ వెనక ఒక మనిషి, ఒక కేబులు, పాతిక రూపాయలు. "కొత్తవా, పాతవా, మిక్స్ చేయనా?" అని అడిగేవాడు. నాంపల్లి క్యాసెట్ ఆయనకు మనవడన్నమాట, నోటు పుస్తకం ఒక్కటే తక్కువ.

డబ్బు కట్టి సక్రమంగా పాట దింపుకునే వీలు మనకు ఆలస్యంగా వచ్చింది. ఆపిల్ ఐట్యూన్స్ దుకాణం అమెరికాలో 2003లో తెరిచింది, పాట 99 సెంట్లకు. మన దేశానికి అది వచ్చేసరికి 2012 డిసెంబర్. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అనే పేరుతో పాటల దుకాణం పెట్టింది. 2013 జూన్‌లో మూసేసింది. పదహారు నెలలు! ఆబిడ్స్‌లో దుప్పటి పరిచిన వాడెవడూ అంత తొందరగా కొట్టు కట్టేయడు.

నేనూ కొన్నాను ఆ రోజుల్లో, కొన్ని వందల పాటలు. ధర తక్కువ, గరగర లేదు, అర్ధరాత్రి గుర్తొచ్చిన పాట అర నిమిషంలో చేతికొచ్చేది. ఫుట్‌పాత్ మీద పదేళ్లు వెతికినా దొరకని పాటలు అలా దొరికాయి. వాటన్నిటినీ ఒక హార్డ్ డిస్కులో పెట్టుకుని, ఇంకో నకలు తీయకుండా, ఒక దీపావళి శుభ్రంలో అటక మీద నుంచి నేనే జారవిడిచాను. తప్పు ఎవరిదీ కాదు, నా చేతిదే. ఆబిడ్స్ నుంచి తెచ్చిన పెట్టె కూడా అదే అటక మీద నుంచి ఇంకోసారి పడింది. రెండు ప్లేట్లు పగిలాయి, మిగతావి పాడుతున్నాయి.

నా బాధ మాత్రం పోయిన పాటల గురించి కాదు. అవి పోకుండా ఉన్నా నేను వాటిని ఎవరికీ ఇవ్వలేకపోయేవాణ్ణి. అల్లుడికి సంక్రాంతి కానుకగా ఎంపీ3 ఫైలు ఎలా ఇస్తారు? ఇస్తే నా దగ్గరా ఉంటుంది, అతని దగ్గరా ఉంటుంది. అది ఇవ్వడం కాదు, నకలు తీయడం. అమ్ముదామంటే అసలే కుదరదు. అమెరికాలో రీడిజి అనే కంపెనీ ఈ ప్రయత్నం చేసింది. ఐట్యూన్స్‌లో కొన్న పాటను మీ కంప్యూటర్లోంచి తీసేసి ఇంకొకరికి అమ్మిపెడతామంది. కాపిటల్ రికార్డ్స్ కోర్టుకెక్కింది. పాత పుస్తకం చేతులు మారినట్టు ఫైలు మారదని, ఎక్కడ దిగినా అది కొత్త నకలే అవుతుందని 2013లో ఒక కోర్టు, 2018లో పై కోర్టు తేల్చాయి. న్యాయం ప్రకారం సరైన తీర్పే. దాని అర్థం ఏమిటంటే, డౌన్‌లోడ్‌కు ఆదివారం ఆబిడ్స్ ఉండదు.

ఇక స్ట్రీమింగ్ సంగతి. అక్కడ మనం కొంటున్నది పాటను కాదు, నెలవారీ ప్రవేశం. 2023 మార్చిలో ఒప్పందం ముగియగానే జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫైలో మాయమయ్యాయి. నెలనెలా చందా కట్టినవాళ్లు తమ జాబితాలో పేర్లు చూస్తూ కూర్చున్నారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం ఉంది. ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అన్న మీట పెట్టకూడదు. శాశ్వతంగా దింపుకుని దాచుకోగలిగే ఫైళ్లకు మినహాయింపు ఇచ్చారు. కొనడం అనే మాటకు అర్థం చెప్పడానికి ఒక చట్టం కావలసి వచ్చింది చూడండి.

ఇప్పుడు నా మీద నేనే ఒక ఫిర్యాదు చేసుకోవాలి. నేను ఆబిడ్స్‌లో పెట్టిన రెండొందల యాభైలో ఘంటసాల కుటుంబానికి పైసా పోలేదు. ఏ వాద్యగాడికీ పోలేదు. అంతా ఫుట్‌పాత్ మీది మనిషికి, న్యాయంగా, ఎండలో నిలబడ్డందుకు. అదే సక్రమమైన దుకాణంలో డౌన్‌లోడ్ చేసి ఉంటే ఎంతో కొంత పాట హక్కుదారుకు చేరేది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక సినిమా పాట రాసినవాళ్లకూ స్వరం కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. కాబట్టి బతికి ఉండి రాస్తున్నవాళ్ల కొత్త పాటను ఫుట్‌పాత్ మీద వెతకడం రసికత అనిపించుకోదు, పిసినారితనం అవుతుంది. నేను కొత్త పాటలు ఫైలుగానే కొంటున్నాను. ఈసారి రెండు నకళ్లు తీసి, వేర్వేరు గదుల్లో పెట్టాను.

అమెరికాలో 2022లో ఎల్పీలు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లు అమ్ముడయ్యాయి. ఆ మోజు మన దాకా వచ్చి, కొత్తగా అచ్చేసిన ఎల్పీలు రెండు మూడు వేలకు అమ్ముతున్నారు. వాటి మీద నాకు పెద్ద ఆశ లేదు. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా గోడకు తగిలించే వాళ్లను చూశాను. నా మాట కఠినంగా ఉంటే క్షమించండి, పాడని రికార్డు పటం కిందే లెక్క.

గీత రికార్డు సంగతి చెప్పడం మరిచాను. ఇంటికి తెచ్చి, నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాడుల వెంట తుడిచి, ఆరాక వెలుతురులో పెట్టి చూశాను. మొదటి వైపు బాగా అరిగి బూడిద రంగుకు వచ్చింది. రెండో వైపు తిప్పితే నల్లగా, నిగనిగలాడుతూ, కొట్టు నుంచి నిన్న తెచ్చినట్టుంది. అల్లుడుగారు మొదటి వైపు దాటలేదు. లేకపోతే అది అరగదీసింది అత్తవారింటి నుంచి వచ్చిన అమ్మాయేమో, రోజూ పొద్దున నాన్న ఇచ్చిందని మొదటి వైపు పెట్టుకుని, రెండో వైపు తిప్పే తీరిక వంటింట్లో దొరకలేదేమో. నాకు రెండోదే నిజమనిపిస్తోంది.

మీ అటక మీద ఇలాంటివి ఉంటే పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేయకండి. ఒక ఆదివారం పొద్దున పదింటికల్లా ఆబిడ్స్ పట్టుకెళ్లండి, లేదా వినేవాళ్లకు ఊరికే ఇవ్వండి. కవరు మీద రాసిన పేర్లు చింపకండి. ఇచ్చే ముందు తుడవాలనుకుంటే నీళ్లతో తుడవండి. లక్క ప్లేట్లకు స్పిరిట్ మాత్రం తాకించకండి, పాట కరిగిపోతుంది.