రంగు మనిషిదా, గడియదా?

ఉద్యోగ శిక్షణకు వెళ్ళివచ్చిన విద్యార్థులు ‘నేను ఎరుపు, వాడు నీలం’ అని చెప్పుకోవడం వింటున్నాను. ఈ వాడుకకు బాగా ప్రచారం తెచ్చినది థామస్ ఎరిక్సన్ 2014లో స్వీడిష్ భాషలో వెలువరించిన పుస్తకం. ఆంగ్లంలో ‘సరౌండెడ్ బై ఇడియట్స్’. అందులో పెత్తనం చేసేవాడు ఎరుపు, కలుపుగోలు మనిషి పసుపు, నెమ్మదస్తుడు ఆకుపచ్చ, లెక్క తప్పనివాడు నీలం. చదివించే పుస్తకమే. కాని దీనికి పునాది అనదగిన 1928 నాటి గ్రంథంలో విలియం మార్‌స్టన్ వర్ణించినవి ఉద్వేగాలు. మనుషుల జాతులు కావు.

తెలుగు నుడికారం మార్‌స్టన్‌కే దగ్గర. కోపమొస్తే ముఖం ఎర్రబడుతుంది, కళ్ళెర్రజేస్తాం. ఊహించని మాట వింటే తెల్లబోతాం. అవమానంతో ముఖం నల్లబడుతుంది. అన్నీ క్రియలే, గడియ దాటితే రంగు దిగిపోతుంది. ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’ అన్నది ఒంటిచాయ మాట, ముక్కోపి అని కాదు. (నీలానికి ఇలాంటి క్రియ నాకైతే తట్టలేదు.)

అసలు చిక్కు పచ్చ దగ్గర. తమిళంలో పచ్చై ఆకురంగే. మన పచ్చ మాత్రం పచ్చకామెర్లలో పసుపు, పచ్చని పైరులో ఆకురంగు. ముందు ‘పసుపు’ అనో ‘ఆకు’ అనో చేర్చకపోతే ఎరిక్సన్ విడదీసిన ఇద్దరు మనుషులూ మన ఇళ్ళలో ఒక్కరైపోతారు.

ఆకుపచ్చ అని తేలింది కాబట్టి తాను నాయకత్వానికి పనికిరానేమోనని మొన్న ఒక విద్యార్థిని దిగులుపడింది. ప్రశ్నపత్రం నింపిన పూట ఎలా ఉన్నావమ్మా అని అడిగాను.

“రాత్రంతా రైల్లో నిలబడి వచ్చాను సార్. ఎవరేమన్నా సరేననే ఓపికే మిగిలింది.”