ఇరవై రెండో కీర్తన ఎవరి ఏడుపు?

గుడ్ ఫ్రైడే నాడు మన పటేల్‌గూడ వైపు చర్చిల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలపై ప్రసంగిస్తారు. నాలుగోది 22వ కీర్తన మొదటి పాదం. దేవుడు వదిలేశాడని ఏడ్చిన హీబ్రూ కవి పాట అది. క్రీస్తు గురించిన ప్రవచనమని బోధిస్తారు.

పేచీ 16వ వచనం దగ్గర. యూదుల సంప్రదాయ హీబ్రూ ప్రతిలో అక్కడ 'సింహంలా' అనే మాట ఉంది. యేసుకు ముందే యూదులు చేసిన గ్రీకు అనువాదంలో చేతులు, కాళ్లు 'తవ్వారు' అని ఉంది. తెలుగు బైబిలు ఈ రెండో దారే పట్టి, పొడిచారంటుంది. కాబట్టి క్రైస్తవులే కల్పించారనడం అన్యాయం.

అయినా ప్రవచనం అనేసరికి మొదట ఏడ్చినవాడు మాయమవుతాడు. తండాలో పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్‌లోకి బయటివాళ్లు అర్థం చెప్పి, ఆ పిల్లనే మరిచిపోతే ఒప్పుకుంటామా? నా మటుకు, యేసు కూడా తన జాతి పాటలోనే ఏడ్చాడు. ఆ కీర్తన చివరికి స్తుతిగా మారుతుంది. అంతదాకా చదివి ప్రసంగిస్తే బాగుండు.