సముద్రం నేర్పిన ఫొటో విద్య

పాత ఫొటోల్లో మనుషులు బిగుసుకుపోయి కనిపిస్తారు. చేతులు మోకాళ్ల మీద, చూపు కెమెరా మీద, ముఖంలో నవ్వు జాడే ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ సముద్రతీరాల్లో తీసిన ఫొటోలు చూడండి. ఒకావిడ గౌను అంచు పైకి ఎత్తిపట్టుకుని అలల్లోకి అడుగేస్తుంటుంది. ఒకాయన టోపీ ముఖం మీద కప్పుకుని ఇసుకలో పడుకుని ఉంటాడు. ఫొటోగ్రఫీ మనిషిని తీరుబడిగా చూడటం నేర్చుకున్నది ఎక్కువగా ఇలాంటి తీరాల్లోనే. ఆ పాఠం ఒక్కరోజులో రాలేదు.

మొదటి చిక్కు వెలుతురుది. 1850లలో వాడిన తడి కొలోడియన్ పలకలు నీలి కాంతికి అతిగా స్పందించేవి. నీళ్లు సరిగ్గా పడేలా తీస్తే ఆకాశం మబ్బులతో సహా తెల్లగా తేలిపోయేది. ఆకాశానికి సరిపెడితే నీళ్లు నల్లగా మారేవి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే ఆకాశానికో నెగెటివ్, నీళ్లకో నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. 1857లో సెత్ తీరంలో తీసిన 'మహా కెరటం' ఫొటోలో అతుకు సరిగ్గా ఆకాశమూ సముద్రమూ కలిసే గీత మీద పడుతుంది. కంటికి అక్కడ ఎలాగూ గీతే కనిపిస్తుంది కనుక అతుకు అందులో కలిసిపోతుంది.

ఈలోగా తీరానికి జనం రావడం మొదలైంది. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు పడింది. 1871 చట్టంతో బ్యాంకు సెలవులు వచ్చాయి. ఒక్క పూట కోసం వచ్చినవాళ్లకు అప్పటికప్పుడు చేతిలో పెట్టే ఫొటో కావాలి. దానికి పనికొచ్చింది ఫెర్రోటైప్. నల్ల వార్నిష్ పూసిన పల్చటి ఇనుప రేకు మీద కొలోడియన్ పోసి, రేకును అటూ ఇటూ వంచుతూ అంతటా సమంగా పారించాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే డెవలప్ చేసి, కడిగి, వార్నిష్ పూయాలి. చీకటి గదిగా ఓ చిన్న గుడారమో తోపుడుబండి మీది పెట్టెనో ఉండేది. గాలికి లేచిన ఇసుక తడి పలకకు అంటుకుంటే శ్రమంతా వృథా. సిల్వర్ నైట్రేట్‌తో ఆ పనివాళ్ల వేళ్లు ఎప్పుడూ నల్లబడి ఉండేవి.

దీనికి నెగెటివ్ ఉండదు. కెమెరాలో వెలుతురు తగిలిన ఆ రేకే గిరాకీ చేతికి వచ్చేది. బొమ్మ అద్దంలోలా తారుమారుగా పడుతుంది. పాత ఇనుప ఫొటోలో మగవాళ్ల కోటు బొత్తాలు ఆడవాళ్ల పద్ధతిలో ఎడమవైపు కనిపిస్తే కారణం అదే.

మనుషుల బిగువు సడలించింది పొడి పలక. జెలటిన్ పూసిన ఆ పలకల్ని ముందే సిద్ధం చేసి ఉంచుకోవచ్చు, రెప్పపాటులో ఫొటో తీయొచ్చు. 1886లో ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్ విట్బీ రేవులో బట్టల్లేకుండా పడవ చుట్టూ ఈదులాడుతున్న పిల్లల్ని తీశాడు. 'వాటర్ ర్యాట్స్' అనే ఆ ఫొటో మీద స్థానిక మతగురువులు మండిపడ్డారు. తర్వాతి కాలంలో రాజైన ఏడో ఎడ్వర్డ్ మాత్రం దాన్ని పెద్దగా ముద్రించి ఇమ్మని అడిగాడు. 1892లో పాల్ మార్టిన్ మరో అడుగు వేశాడు. వృత్తిరీత్యా చెక్క మీద బొమ్మలు చెక్కే ఈయన, చూడ్డానికి పార్సిల్‌లా ఉండే 'ఫెసైల్' కెమెరాను చంకలో పెట్టుకుని గ్రేట్ యార్మత్ ఇసుకలో తిరిగాడు. ఫొటో తీస్తున్నారని తెలియని జంటలు ఒకరినొకరు హత్తుకుని కూర్చున్న దృశ్యాలు ఆయన పలకల మీద నిలిచాయి.

1888లో కోడాక్ కెమెరా వచ్చింది. ఒక చుట్టలో వంద గుండ్రటి బొమ్మలు. ఇక ఫొటోగ్రాఫర్‌తో పని లేకుండా నాన్నే పిల్లల్ని తీశాడు. అయినా వృత్తివాళ్లు వెనక్కి తగ్గలేదు. 1920ల నుంచి బ్రిటన్ తీరాల్లో నడిచి వెళ్లేవాళ్లను ఎదురుగా ఫొటో తీసి చీటీ చేతిలో పెట్టేవారు. తర్వాత దుకాణానికి వెళ్లి నంబరు చెబితే ప్రింటు ఇచ్చేవారు.

ఇన్ని పద్ధతులు మారినా తీరం మీద మోజు ఎందుకు తగ్గలేదు? ఒక కారణం కళకు సంబంధించింది. తీరంలో వెనక గోడల్లేవు, సామాన్లు లేవు. ఇసుకా నీళ్లూ వెలుతురును కింది నుంచి తిప్పి కొట్టి కళ్ల కింది నీడల్ని పలచన చేస్తాయి. రెండోది మనిషికి సంబంధించింది. చెప్పులు విడిచి పాదాలు తడవగానే హోదా కొంత జారిపోతుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషికి అల ఒక పని కల్పిస్తుంది. డచ్చి ఫొటోగ్రాఫర్ రినెకె డైక్‌స్ట్రా 1990ల మొదట్లో పోలండ్, అమెరికా తదితర దేశాల తీరాల్లో టీనేజి పిల్లల్ని నీళ్ల ముందు నిలబెట్టి తీసిన ఫొటోలకు బలం అక్కడే ఉంది.

విశాఖ ఆర్కే బీచ్‌లోనో చెన్నై మెరీనాలోనో తీయించుకున్న ఫొటో చాలా తెలుగు ఇళ్ల ఆల్బమ్‌లలో ఉంటుంది. అందులో అమ్మ పట్టుచీర తడవకుండా ఎత్తిపట్టుకుని, ఎవర్నో చూసి నవ్వుతూ ఉంటుంది. పెళ్లి ఫొటోలో ఆ నవ్వు దొరకదు. అందుకే అది విలువైన ఫొటో. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉంటే ఆ జిగురు దాన్ని తినేస్తుంది. అంటుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి. తేలిగ్గా వచ్చేవాటిని తీసి ఆమ్లం లేని కాగితపు కవర్లో, తేమ తగలని చోట పెట్టండి. తడిగుడ్డతో తుడవకండి. తీసింది ఎవరు, ఏ తీరం, ఏ ఏడు, పక్కనున్నది ఎవరు అన్నది గుర్తున్న పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి, వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయించండి. పేర్లు తెలియకపోతే అది ఎవరిదో సముద్రపు ఫొటో. తెలిస్తే మీ ఇంటి చరిత్ర.