జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల: యాజమాన్యం, అధికారం

తెలుగు పల్లెల్లో ఉన్నత పాఠశాల గోడమీద కనిపించే ‘జిల్లా పరిషత్’ అన్న మాట ఒక యాజమాన్యాన్ని సూచిస్తుంది. ఆ యాజమాన్యం చేతిలో నేడు ఉన్నదేమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతోనే పాఠశాల విద్యలో వికేంద్రీకరణ మొదలైందన్న అభిప్రాయం బలంగా ఉంది. కోస్తా, రాయలసీమల చరిత్ర దీనిని సమర్థించదు.

మద్రాసు రాష్ట్రంలో 1884 లోకల్ బోర్డుల చట్టం నాటికే జిల్లా, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించాలని హంటర్ కమిషన్ సూచించింది కూడా ఆ కాలంలోనే. 1920 ప్రాథమిక విద్యా చట్టం మరో అడుగు ముందుకు వేసి, జిల్లా విద్యా మండళ్లను నెలకొల్పి, విద్యకోసం ప్రత్యేకంగా పన్ను విధించే వీలు కల్పించింది. బడి, బడికోసం పన్ను, దానిని నడిపే సభ ఒకే చోటికి చేరిన దశ అది. అమెరికాలోని స్కూల్ డిస్ట్రిక్టులతో పోల్చదగిన లక్షణం ఏదైనా మనకు ఉండినదంటే అది ఇక్కడే.

అయితే ఆ దశను స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. అణగారిన కులాల పిల్లలకోసం ప్రభుత్వ లేబర్ శాఖ విడిగా బడులు తెరవవలసి వచ్చిందన్న ఒక్క వాస్తవం చాలు, స్థానిక పాలన అంటే ఎవరి పాలనో గ్రహించడానికి. బోర్డుల చరిత్రను లేబర్ బడుల చరిత్రతో కలిపి చదవని పరిశోధన సగం పరిశోధనే.

తెలంగాణకు ఈ వారసత్వం లేదు. నిజాం పాలనలో విద్య హైదరాబాదు కేంద్రంగా సాగిన శాఖా వ్యవహారం. ఉన్నత స్థాయి బోధన ఉర్దూలో ఉండేది. కనుక 1959 చట్టం రెండు భిన్న చరిత్రలను ఒకే చట్రంలో బిగించింది. ఒకవైపు అది జిల్లా బోర్డుకు కొత్త పేరు. మరొకవైపు పూర్తిగా కొత్త వ్యవస్థ. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు ఏకీకృత సర్వీసు నిబంధనలు ఉండాలా వద్దా అన్న వివాదం 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో ముడిపడి దశాబ్దాలపాటు న్యాయస్థానాల్లో నలగడానికి, ఈ రెండు యాజమాన్యాలు పక్కపక్కనే కొనసాగడమే కారణం.

1959లో పరిషత్తుకు దక్కింది ప్రధానంగా నిర్వహణ బాధ్యత. పాఠ్యప్రణాళిక, పబ్లిక్ పరీక్ష, నిధుల్లో అధికభాగం రాష్ట్రం వద్దనే నిలిచాయి. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలల బోర్డులపై పేర్లు మారాయి. 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చింది. కానీ అధికారాల బదిలీని 243జి అధికరణం రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలింది. నేడు నియామకం కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా ఎంపిక సంఘానిది, పర్యవేక్షణ జిల్లా విద్యాశాఖాధికారిది.

ఇది కేవలం పైనుంచి జరిగిన అధికారహరణం అనుకుంటే ఉపాధ్యాయుల పాత్ర కనుమరుగవుతుంది. స్థానిక సంస్థల ఉపాధ్యాయులు 010 పద్దు కింద ఖజానానుంచి జీతాలు కోరుకున్నారు. స్థానిక నాయకుని దయమీద బతకవలసిన అవస్థ నుంచి అది వారికి విముక్తి. ఉపాధ్యాయుని భద్రతకు, ఊరి అధికారానికి మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని వికేంద్రీకరణవాదులు ఇప్పటికీ సూటిగా ఎదుర్కొనలేదు.

తెలంగాణలో 2019 నాటికి కొత్త జిల్లాలకు కొత్త పరిషత్తులు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు 26 అయినా, పరిషత్తులు పాత 13 జిల్లాల పరిధిలోనే కొనసాగాయి. అప్పుడు ఏర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లె వైపు పాఠశాలలు గుంటూరు పరిషత్తుకు, చీరాల వైపు పాఠశాలలు ప్రకాశం పరిషత్తుకు చెందినవిగా ఉండిపోయాయి. కలెక్టరు మాత్రం బాపట్లలో ఉన్నారు. ఈ అతుకు వల్ల తరగతి గదిలో పాఠం ఒక్కరోజూ ఆగలేదు.