ఏడింటికి సంఘం రేడియో

మా గూడూరులో సాయంత్రం ఏడైతే ఇంటింటా సీరియళ్ల గోల. అదే వేళకు జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో గొంతు సవరించుకుంటుంది. 90.4 మెగాహెర్ట్జ్. చుట్టూ పాతిక కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది, అంతే.

2008 అక్టోబరు 15న మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పిచ్చిన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి ప్రారంభించారు. నడిపేది దళిత ఆడవాళ్లు. మైకు ముందు కూర్చునేదీ, రికార్డింగులో పనికిరాని ముక్క కోసేసేదీ వాళ్లే. మాటలో పుస్తక భాష వాసన ఉండదు, పొలం గట్టు మీద పలకరించినట్టే ఉంటుంది.

కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదని నిబంధన. నాకైతే అది మింగుడుపడదు. సరే, జొన్న ఎప్పుడు విత్తాలో, విత్తనాలు పురుగు పట్టకుండా బూడిద, వేపాకు కలిపి ఎట్లా దాచాలో చెబుతారు కదా, ఊరికి అంతకన్నా పెద్ద వార్త ఏముంటుంది?

లైసెన్సు రాకముందు దాదాపు పదేళ్లు వీళ్లు కార్యక్రమాలు తయారుచేసి, క్యాసెట్లు పట్టుకెళ్లి తమ మహిళా సంఘాల మీటింగుల్లోనే వినిపించారు.